చెడ్డ అతుకుల డ్రమ్ము

పోర్ట్ మెరివా ఓడల యార్డులో ముప్పై తొమ్మిదేళ్లు వెల్డింగ్ పని చేశాను. నా ముద్ర నంబరు నలభై ఏడు. ఆ ముద్ర పడ్డ అతుకుల్లో చెడ్డదని తేలింది ఇంతవరకు ఒక్కటి కూడా లేదు. ఎక్స్‌రే తీసినవాళ్లున్నారు, సుత్తితో బాదినవాళ్లున్నారు, ఒళ్లు మండి రెండోసారి ఎక్స్‌రే తీసినవాళ్లూ ఉన్నారు. యార్డు దస్తరాలు తిరగేసి చూసుకోండి, విల్ఫ్ పెన్‌గిల్లీ పేరు ఎదురుగా తప్పుల గడి తెల్లగా ఉంటుంది.

ముద్ర అంటే బొటనవేలంత ఉక్కు కడ్డీ. దాని కొసన అంకె చెక్కి ఉంటుంది. అతుకు వేసిన ప్రతి వెల్డరూ దాని పక్కన తన కడ్డీ ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేయాలి. రేపు ఆ అతుకు విడిపోతే ఎవరిని తిట్టాలో తెలియాలి కదా, అందుకు. పరీక్ష నెగ్గితేనే కడ్డీ చేతికిస్తారు. పని మానేసిన రోజున తిరిగి ఇచ్చేయాలి. నేను ఇవ్వలేదు. సముద్రంలో పడిపోయిందని చెప్పి, సాక్సులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. పద్నాలుగేళ్లు అది మా వంటింట్లో చెంచాల అరలో ఉంది.

నా చదువు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ కథ బడిది. గోధుమ పొలాల మధ్య ఒంటిగది బడిలో చదువుకున్నాను. పదకొండుమందిమి, అందులో ముగ్గురం మా ఇంటివాళ్లమే. గోడ రేకుల సందులో ఒక గోధుమరంగు పాము ఉండేది. టీచరు హాజరు పిలుస్తుంటే చివరి పేరు తర్వాత అది కూడా బుస్సుమనేది. ఏడాది పొడుగునా ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదని బహుమతి దానికే ఇచ్చారు. ఆ బడిలో లెక్కల నిండా గొర్రెలుండేవి. ఒకడి దగ్గర నలభై గొర్రెలుంటే, నక్క రెండు ఎత్తుకుపోతే, ఇలాగ.

ఇప్పుడు మా ఊరి హైస్కూల్లో గొర్రెలు లేవు. గస్తీ ఓడలున్నాయి. గంటకు ఇరవై రెండు మైళ్లు పోయే గస్తీ ఓడ అయిదు గంటల్లో ఎంత దూరం పోతుంది అని అడుగుతారు. నేను రిటైరయ్యాక యార్డును కరాలా మెరైన్ అనే కంపెనీ కొన్నది. నేవీకి గస్తీ ఓడలు కట్టే పని వాళ్లకు దక్కింది. పని దక్కిన మరుసటి ఏడే వాళ్లకు ఉన్నట్టుండి మా ఊరి పిల్లల చదువు మీద ప్రేమ పుట్టింది. లెక్కల పుస్తకం మార్చారు. ఆటల చొక్కాల మీద తమ బొమ్మ కుట్టించారు. పాత వడ్రంగి గది పడగొట్టించి, ఎనిమిది వెల్డింగ్ గదులు, ఎనిమిది కొత్త మిషన్లు, పొగ పీల్చే గొట్టాలు పెట్టించారు. ఏటా పన్నెండో తరగతి అయ్యేసరికి నలుగురు పిల్లలను యార్డులో అప్రెంటిస్‌లుగా తీసుకుంటామని రాసిచ్చారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. నేను కూడా కొట్టాను, కానీ మెల్లగా కొట్టాను.

గురువారం, శుక్రవారం ఆ గదిలో పిల్లలకు చేయి సాయంగా ఉండమని ఒడ్జర్స్ టీచరు నన్ను పిలిచింది. ఆమె పనిముట్ల పాఠం చెబుతుంది, మంచి మనిషి, ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఉంటుంది. వెళ్లిన మొదటి రోజునుంచే నాకు అక్కడి ప్రతి వస్తువూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. కొత్త వెల్డింగ్ ముసుగుల నుదుటి మీద చిన్న ఎర్ర దీపం మిణుకు మిణుకుమంటోంది. కెమెరా అనుకున్నాను. ఎవరూ చూడకుండా దాని మీద, పక్కనున్న నల్ల గాజు చుక్కల మీద కూడా టేపు అంటించి పని మొదలుపెట్టాను. ఆ చుక్కలు వెలుగును పసిగట్టి అద్దాన్ని నల్లబరిచే కళ్లట. టేపు వేస్తే అద్దం నల్లబడలేదు. రెండు రోజులు నాకు పెలికాన్ పక్షులు కూడా నీలంగా కనిపించాయి. ఊరంతా నవ్వింది. ఆ నవ్వే తర్వాత నా కొంప ముంచింది, ఎందుకంటే అసలు అనుమానం వచ్చినప్పుడు నా మాట వినేవాడు ఒక్కడూ మిగల్లేదు.

ఆ అనుమానం శుక్రవారపు పెట్టె గురించి.

పది గంటలకు, అందరం పని ఆపి స్మోకోకి, అంటే టీ విరామానికి, కూర్చునే వేళకు, బ్రోడీ లింగార్డ్ వచ్చేవాడు. కంపెనీకీ బడికీ మధ్య తిరగడమే అతని ఉద్యోగం. పళ్లు తెల్లగా, బూట్లు అంతకన్నా తెల్లగా ఉండేవి. వెల్డింగ్ గదిలోకి తెల్ల బూట్లతో వచ్చేవాడిని నేను మొదటినుంచీ నమ్మను. పిల్లలకు మాంసం కూరిన వేడి పాస్టీలు, ఐస్ కాఫీ డబ్బాలు పంచేవాడు. వాళ్లు తింటుండగా ఆ వారం పిల్లలు అతికిన అభ్యాసపు ముక్కలను చూసి, ఏరి, నీలం పెట్టెలో పెట్టించుకుని వెళ్లేవాడు. మార్కులు వేయడానికి అనేవాడు.

అభ్యాసపు ముక్క అంటే మామూలుగా రెండు రేకులు కలిపి అతకడం. ఇక్కడ అలా కాదు. రేకులు ముందే కోసి, వంచి, బెజ్జాలు వేసి వచ్చేవి. అతికితే చక్కని బ్రాకెట్ అయ్యేది, ఓడ గోడకు కరెంటు తీగల కట్టను ఆనించి పట్టుకునే లాంటిది. సరే, పిల్లలకు నిజమైన ఆకారం చూపిస్తున్నారు అనుకున్నాను. కానీ నా పద్ధతిలో నేర్చుకునేవాడి అతుకును విరగ్గొట్టాలి. మరలో బిగించి, అది నోరు తెరిచేదాకా వంచి, లోపల బుడగ ఎక్కడుందో, ఎక్కడ అంటుకోలేదో ఆ పిల్లవాడి ముక్కు కింద పెట్టి చూపించాలి. అలాగే నేర్చుకున్నాం అందరం. బ్రోడీ పట్టుకెళ్లిన ముక్క ఒక్కటి కూడా విరిగి వెనక్కి రాలేదు. విరగకుండా కూడా రాలేదు.

ఇంకొకటి. అతను మంచివి ఏరుకునేవాడు. వంకరగా వచ్చినవి, బుడగలు తేలినవి మూలనున్న డ్రమ్ములో పడేసేవాడు. మార్కులు వేసేవాడు చెడ్డవి వదిలేసి మంచివే ఇంటికి తీసుకుపోవడం నేను ఏ బడిలోనూ చూడలేదు. మా పాము కూడా ఒప్పుకునేది కాదు.

ఒడ్జర్స్ టీచరును పక్కకు పిలిచి ఇదంతా చెప్పాను. ఆమె చేతిలో ఐస్ కాఫీ డబ్బాను నొక్కుతూ విన్నది. "విల్ఫ్, మూడేళ్ల క్రితం ఇరవై ఆరుమంది పిల్లలకు ఒక్క మిషను ఉండేది. దాన్ని కూడా తన్నితేగాని రాజుకునేది కాదు. ఇప్పుడు నన్ను చూడమనకు" అంది. చూడలేదు అనలేదు, చూడమనకు అంది. ఆ తేడా నాకు ఆ రోజంతా పంటి కింద రాయిలా ఉండిపోయింది.

ఆ పిల్లల్లో థెక్లా కొరోనెయోస్ అని ఒక అమ్మాయి. వాళ్ల నాన్న జెట్టీ దగ్గర కణవలు పట్టి అమ్ముతాడు. గ్రీకుల ఇళ్లల్లో పెద్దవాళ్లను థియో అంటారు, అందుకని నన్ను థియో అనేది. ఎడమచేతి వాటం. తొమ్మిదో తరగతి నుంచి ఆ నలుగురిలో ఒకతెను కావాలనే పట్టు మీద ఉంది. వాళ్ల నాన్న పడవ అమ్మకానికి పెట్టాడు, అమ్మ అడిలైడ్ వెళ్లిపోదామంటోంది. అప్రెంటిస్ పని దొరికితే తాను ఊళ్లో ఉండిపోవచ్చు, దొరక్కపోతే అడిలైడ్‌లో పిన్ని కూతురి బట్టల కొట్టులో హ్యాంగర్లు సర్దాలి. ఆ మాట నాతో ఒక్కసారే చెప్పింది, చెప్పి వెంటనే ముసుగు దించేసుకుంది.

నా పెట్టె అనుమానం చెబితే నవ్వింది. "మొన్న ముసుగులో కెమెరా అన్నావు. ఇవాళ పెట్టె అంటున్నావు. రేపు పాస్టీలో మైకు ఉందంటావు, థియో."

"ఉందేమో. నిన్న తిన్న ముక్క గట్టిగానే తగిలింది" అన్నాను.

ఏప్రిల్లో ఒక గురువారం ఆ పిల్ల చేతినుంచి నిఖార్సయిన అతుకు వచ్చింది. నాణేలు వరసగా పడుకోబెట్టినట్టు, ఒక్క మెలిక లేదు. నాకు మా ఫోర్‌మన్ గుర్తొచ్చాడు. నా మొదటి మంచి అతుకు చూసినప్పుడు ఆయన ఏమీ అనకుండా ముద్ర కడ్డీ తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. నేను ఇంటికి వెళ్లి చెంచాల అర వెతికాను. మర్నాడు నలభై ఏడును థెక్లా చేతిలో పెట్టాను.

అది తప్పు. పరీక్ష నెగ్గనివాళ్లు ముద్ర పట్టుకోకూడదు, మరొకడి ముద్ర అసలు పట్టుకోకూడదు. ఓడల పనిలో ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే ఇవి అభ్యాసపు ముక్కలే అని కంపెనీవాళ్లే అంటున్నారు కదా, ఎక్కడికి పోతాయి, అనుకున్నాను. అలవాటు మనిషి చేత ఎంత పనైనా చేయిస్తుంది.

వేసే పద్ధతి కూడా చెప్పాను. వెనక వైపు, అంచుకు వేలెడు దూరంలో, ఒకే దెబ్బ. "ఇంకో సంగతి," అన్నాను, గొంతు కాస్త పెద్దది చేసుకుని. "మంచిదాని మీదే కాదు, చెడ్డదాని మీద కూడా వేయాలి. చెడ్డదాన్ని వదిలేసి మంచిదాని మీద మాత్రమే వేసుకునేవాడు వెల్డరు కాదు, దొంగ."

ఆ పిల్ల నా మాటలన్నిటికీ నవ్వేది, దీనికి మాత్రం నవ్వలేదు. ఆ రోజునుంచి ప్రతి ముక్క మీదా కొట్టింది. మంచివి నీలం పెట్టెలోకి, చెడ్డవి డ్రమ్ములోకి వెళ్లాయి. బ్రోడీ ముందు వైపు చూసి ఏరుకున్నాడు. వెనక్కి తిప్పి చూసే అలవాటు అతనికి లేదు.

రెండు నెలలు గడిచాయి. జూన్‌లో, అంటే మాకు నడి చలికాలంలో, గాలికి ధాన్యం గోదాముల రేకులు చప్పుడు చేస్తున్న ఒక మంగళవారం మధ్యాహ్నం, జెట్టీ చివర గేలం వేసుకుని కూర్చున్నాను. థెక్లా బడి బట్టలతోనే వచ్చి పక్కన కూర్చుంది. జరిగింది చెప్పింది, ముక్కలు ముక్కలుగా.

బ్రోడీ శుక్రవారం కాకుండా మంగళవారం వచ్చాడట. అప్పుడే ఏదో ఉందనిపించిందట. ప్రిన్సిపాల్ గదిలోకి పిలిచి తలుపు వేశారు. నేవీ తరఫున ఓడను తనిఖీ చేసే ఒకావిడ, సిబ్బంది భోజనాల గది బయట నడవలో ఒక బ్రాకెట్ వెనక నలభై ఏడు చూసింది. ఎవరిదని అడిగితే దస్తరాల్లో నా పేరు వచ్చింది, పద్నాలుగేళ్ల క్రితం మానేశాడని కూడా వచ్చింది. వెతికితే అలాంటివి ముప్పై ఒకటి దొరికాయి. ఓడ పని మొత్తం ఆపించేసింది. ముద్ర ఎవరి చేతిలో ఉందో పిల్లలను అడిగి తెలుసుకున్న బ్రోడీ ఒక కాగితం టైపు చేయించి తెచ్చాడు. మార్చిలో పిల్లలను యార్డు చూపించడానికి తీసుకెళ్లారు కదా, ఆ రోజు థెక్లా సరదా కోసం యార్డు బుట్టలో ఉన్న బ్రాకెట్ల మీద ముద్ర కొట్టిందని అందులో ఉంది. సంతకం పెడితే చిన్నపిల్ల చిలిపితనంగా వదిలేస్తారు, అప్రెంటిస్ చోటు అలాగే ఉంటుంది. పెట్టకపోతే దొంగ ముద్ర వేసినందుకు జాబితాలోంచి పేరు తీసేస్తారు. శుక్రవారం దాకా ఆలోచించుకోమన్నారు.

"మార్చిలో నీ దగ్గర ముద్ర లేదు కదా" అన్నాను.

"ఆ సంగతి నీకూ నాకూ తెలుసు. నీ మాట ఎవరు నమ్ముతారు, థియో?" అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

నాకు అంతా అప్పుడు అర్థమైంది. పిల్లలు అభ్యాసం అనుకుని అతికిన ముక్కలు తిన్నగా ఓడలోకి వెళ్లాయి. జీతం లేని ఎనిమిదిమంది వెల్డర్లు, వాళ్లకు కూలి శుక్రవారపు పాస్టీ. పరీక్ష లేదు, విరగ్గొట్టి చూసిన దిక్కు లేదు. ముద్ర లేకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు ఆ కాగితం మీద సంతకం పడితే కంపెనీ కడుక్కుపోతుంది, ఈ పిల్ల ఫైలులో మాత్రం దొంగ ముద్ర అన్న మాట ఉండిపోతుంది. ఆ మాట ఉన్నవాళ్లను ఏ యార్డూ గేటు దాటనివ్వదు. బ్రోడీ ఇస్తానన్న చోటు కూడా ఏడాది తిరగకుండా ఏదో వంకతో ఊడిపోతుంది. అంత తెల్ల బూట్లవాడు ఆ మాత్రం ముందుచూపు లేకుండా ఉండడు.

తప్పు నాది. అందుకని నాకు తెలిసిన ఒకే ఒక విద్యతో దిద్దుదామనుకున్నాను. అబద్ధం.

ఆ తనిఖీ ఆవిడ పేరు మార్గట్ ఫెన్విక్. మా ఊరికి కొత్తవాళ్లు వస్తే బేకరీలోనే దొరుకుతారు, ఇంకెక్కడా తినడానికి ఏమీ ఉండదు. గురువారం పొద్దున కిటికీ దగ్గర పాస్టీ తింటూ కనిపించింది. జేబులో భూతద్దం ఉంది. ఎదురుగా కూర్చుని, ఆ ముద్రలన్నీ నేనే వేశానని చెప్పాను. ఓడను జెట్టీకి కట్టిన రోజుల్లో ఈదుకుంటూ వెళ్లి, లంగరు గొలుసు పట్టుకుని ఎక్కి, పాత యార్డు మీద మమకారం కొద్దీ కొట్టేశానన్నాను. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులోనా అని అడిగింది. నీళ్లలో బరువు తెలియదన్నాను. దారిలో ఒక షార్క్ అడ్డొస్తే సుత్తితో ముక్కు మీద ఒకటిచ్చానని కూడా చెప్పాను. అది అనవసరం, కానీ నోటికి వచ్చేసింది.

ఆవిడ నవ్వలేదు. ఆ నవ్వకపోవడం కూడా నాకు అనుమానంగానే ఉంది. కంపెనీవాళ్లు ఎక్కడ బస ఇచ్చారో, ఈ పాస్టీ ఎవరు పెట్టించారో ఎవరికి తెలుసు. ఉప్పు డబ్బా నా ముందుకు జరిపి, ఇటు ఇవ్వమంది. ఇచ్చాను.

"కుడిచేత్తో ఇచ్చారు" అంది. ఫోన్ తీసి ఒక ఫొటో చూపించింది. నలభై ఏడు. ఏడు లోతుగా దిగింది, నాలుగు పైపైన ఉంది. "ముప్పై ఒకటీ ఇలాగే ఉన్నాయి. కుడిచేతివాళ్లు కొడితే ఇది తారుమారుగా ఉంటుంది. మీ పాత అతుకులు కూడా చూశాను, వాటిల్లో నాలుగే లోతు. ఎడమచేతి మనిషిని నాతో మాట్లాడమని చెప్పండి, మిస్టర్ పెన్‌గిల్లీ. షార్క్ అక్కర్లేదు."

నేను ఐస్ కాఫీ కూడా కొనుక్కోకుండా బయటికి వచ్చేశాను. జీవితంలో మొదటిసారి నా అబద్ధం నాకే చిన్నగా కనిపించింది.

బడి వదిలాక జెట్టీ దగ్గర థెక్లాకు జరిగింది జరిగినట్టు చెప్పాను. నేను ముద్ర ఎలా ఇంటికి తెచ్చుకున్నానో కూడా చెప్పాను. అప్పుడే ఇంకొకటి కూడా ఒప్పుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే ఆ పిల్ల అడిగింది. "చెడ్డవాటి మీద కూడా కొట్టమన్నావు కదా. నువ్వు కొట్టేవాడివేనా?"

ఇదిగో, మొదట్లో నేను కొట్టిన డాబు ఇక్కడ దించేస్తున్నాను. దస్తరాల్లో నా తప్పుల గడి ఎందుకు తెల్లగా ఉందంటే, చెడ్డ అతుకు మీద నేను ఎప్పుడూ ముద్ర వేయలేదు. పాడైందని తెలియగానే భోజనాల వేళ కోటు కింద పెట్టుకుని వార్ఫ్ చివరికి వెళ్లి నీళ్లలో వదిలేసేవాణ్ణి. తొమ్మిది అలా వదిలాను. అక్కడ చేపలు ఇప్పటికీ నా అతుకుల కింద కాపురం చేస్తున్నాయి. ఒకటి మాత్రం తప్పించుకుంది, ఒక నిచ్చెన. దాని మీదనుంచి ఫోర్‌మన్ పడి మూడు వారాలు నిలబడే భోంచేశాడు. ముద్ర లేదు గనుక ఎవరిదో తేలలేదు. నాకు నేర్పినవాడే ఆయన.

థెక్లా నన్ను అలాగే చూసింది. తిడుతుందనుకున్నాను. "అయితే నావి ఉన్నాయి" అంది. అని లేచింది.

నాకు అర్థం కాలేదు. నావి ఉన్నాయి అంటే ఏమిటో మర్నాటిదాకా చెప్పలేదు. ఆ పిల్లకు కూడా నా మీద కాస్త అనుమానం పుట్టింది, ముందే చెబితే ఊరంతా టముకు వేస్తానని. వేసేవాణ్ణే.

శుక్రవారం పది గంటలకు వెల్డింగ్ గదిలోనే కూర్చున్నారు. ప్రిన్సిపాల్, బ్రోడీ, ఒడ్జర్స్ టీచరు. ఫెన్విక్‌ను ఎవరూ పిలవలేదు, తనే వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఆవిడను చూడగానే బ్రోడీ పళ్లు కనిపించడం మానేశాయి. ఆ రోజు పాస్టీలు రాలేదు. బల్ల మీద కాగితం, దాని మీద పెన్ను, పెన్ను మూత అప్పటికే తీసి ఉంది. మూత తీసి పెట్టిన పెన్ను చూస్తే నాకు వంట్లో బాగుండదు.

థెక్లా వచ్చి కాగితం చదివింది. పెన్ను ముట్టుకోలేదు. మూలకు వెళ్లి డ్రమ్మును రెండు చేతులా పట్టుకుని లాగింది. పాత ఇనుము ఎత్తుకుపోయే లారీ డిసెంబరులో గాని రాదు, అందుకని ఏడాది మొదటినుంచి పడ్డదంతా అందులోనే ఉంది. బల్ల దాకా లాగి, ఒక్క తోపు తోసింది. వంకర బ్రాకెట్లు, బుడగల బ్రాకెట్లు, అంటీ అంటనివి అన్నీ నేల మీద పడ్డాయి. ఒక్కొక్కటి తీసి బల్ల మీద బోర్లా పెట్టడం మొదలుపెట్టింది. వెనకవైపు, అంచుకు వేలెడు దూరంలో, నలభై ఏడు. ఏడు లోతుగా, నాలుగు పైపైన. పందొమ్మిది పెట్టింది.

"ఇవి నేను పాడు చేసినవి," అంది. "అన్నీ ఈ గదిలో అతికినవే. యార్డు చూడ్డానికి వెళ్లిన రోజు ఒక్క గంట ఉన్నాం. బాగున్నవి అక్కడ బుట్టలోంచి తీసి ముద్ర కొట్టానంటే, ఈ పాడైనవి కూడా యార్డువేనా? యార్డులో ఇంత చెత్తగా అతుకుతారా, మిస్టర్ లింగార్డ్?"

బ్రోడీ ఏదో అన్నాడు. కంపెనీ ఆస్తి అన్నాడు, రహస్య పత్రం అన్నాడు, ఈ విషయం బయట మాట్లాడకూడదన్నాడు. ప్రిన్సిపాల్ తన చేతులు చూసుకుంటున్నాడు. ఆయనకు ఎంత తెలుసో నాకు ఇప్పటికీ తెలియదు, ఏడాది తర్వాత ఇంకా పెద్ద బడికి మారిపోయాడు.

అప్పుడు ఒడ్జర్స్ టీచరు లేచి, బీరువా తెరిచి, ఒక నోటు పుస్తకం తెచ్చి ఫెన్విక్ చేతిలో పెట్టింది. ప్రతి శుక్రవారం నీలం పెట్టెలో ఎన్ని ముక్కలు వెళ్లాయో, ఎవరెవరివో అందులో రాసి ఉంది. మొదటి వారం నుంచీ. చూడమనకు అన్న మనిషి అంతా చూస్తూనే ఉంది. చూసినది రాసి దాచుకుంది, చెప్పడానికి మాత్రం ఈ పిల్ల డ్రమ్ము తోసేదాకా ఆగింది. ఆమెను నేను క్షమించానో లేదో ఇంకా తేల్చుకోలేదు. నన్ను క్షమించమని ఆమె అడగనూ లేదు.

ఫెన్విక్ ఓడలోంచి ఊడదీసిన ఒక బ్రాకెట్‌ను సంచిలోంచి తీసింది. థెక్లా పెట్టిన పాడైన దాని పక్కన పెట్టింది. బెజ్జాలు బెజ్జాలకు కలిశాయి. ఆవిడ భూతద్దం జేబులో పెట్టుకుని, థెక్లాతో చెప్పింది. "బాగున్న అతుకులు మనిషిని ఎక్కువగా పట్టించవు. అవి ఎవరు వేసినా ఒకేలా ఉంటాయి. వీటిని ఎవరూ మరొకరివని చెప్పలేరు." తర్వాత మూత తీసిన పెన్నుకు మూత పెట్టి బ్రోడీకి ఇచ్చేసింది.

కథ అక్కడ ఆగితే బాగుండును. ఓడలోంచి మూడు నడవల బ్రాకెట్లన్నీ ఊడదీశారు, ముద్ర ఉన్నవీ లేనివీ. బ్రోడీ మళ్లీ కనిపించలేదు. కరాలావాళ్లు బడితో రాసుకున్న ఒప్పందం రద్దు చేసుకున్నారు. దానితో పాటు ఆ నాలుగు చోట్లూ పోయాయి, థెక్లాది ఒక్కటే కాదు. మిగతా ముగ్గురి ఇళ్లవాళ్లు రెండు నెలలు థెక్లా వాళ్ల నాన్న దగ్గర కణవలు కొనలేదు. మిషన్లు మాత్రం ఉండిపోయాయి. వాటిని తీసుకుపోవాలంటే గోడ పగలగొట్టాలి, పగలగొడితే మళ్లీ కట్టాలి, మళ్లీ కట్టడానికి వచ్చినవాణ్ణి ఊళ్లో ఎవరైనా ఫొటో తీస్తారేమోనని భయపడ్డారు. నా ముద్రను ఫెన్విక్ కవరులో పెట్టుకుని తీసుకుపోయింది. పద్నాలుగేళ్లు ఆలస్యంగా తిరిగి ఇచ్చినట్టు రసీదు కూడా ఇచ్చింది.

థెక్లా అడిలైడ్ వెళ్లింది. హ్యాంగర్లు సర్దడానికి కాదు. వాళ్ల పిన్ని ఇంట్లో ఉంటూ అక్కడి వృత్తి కళాశాలలో అసలు పరీక్షకు కూర్చుంది. మొదటిసారి తప్పింది. అతుకు అడుగున సన్నటి సందు వచ్చిందట, ఎక్స్‌రేలో వెంట్రుకలా కనిపించిందట. రెండోసారి నెగ్గింది, తన పేరు మీద తనకో నంబరు ఇచ్చారు. నంబరెంతో నాతో చెప్పలేదు. నేను వాడుకుంటానని అనుమానం. ఇప్పుడు అక్కడి ఒక యార్డులో చేస్తోంది, ఊరికి సెలవులకు వస్తుంది.

ఆ తప్పిన ముక్కను సగానికి కోసి నాకు పోస్టులో పంపింది. చెంచాల అరలో, ముద్ర ఉండే చోటున పెట్టుకున్నాను. ఇప్పుడు ఒడ్జర్స్ టీచరు గదిలో ప్రతి ముక్కనూ మరలో పెట్టి విరగ్గొడతాం. పిల్లలు ఏడుస్తారు, బాగానే ఉంటుంది. కంపెనీలు అప్పుడప్పుడు కొత్త చొక్కాల నమూనాలతో వస్తుంటాయి. నేను ముందు వాళ్ల బూట్లు చూస్తాను.

చివరగా ఒకటి ఒప్పుకోవాలి, ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నది కదా. ఇందులో ఒక విషయం నేను కల్పించాను. పాము నిజం, కావాలంటే మా అన్నను అడగండి. ఫోర్‌మన్ పడింది నిజం. షార్క్ నేను ఫెన్విక్‌కు చెప్పిన అబద్ధం, చెప్పానన్నది మాత్రం నిజం. కల్పించింది వార్ఫ్ కింద పడేసిన అతుకుల లెక్క. తొమ్మిది అన్నాను. తొమ్మిది నా మొదటి ఏడాదివి.